పుస్తకమునకు అకారాది సూచికను గూర్చు విధము

పుస్తకమును జేతఁ బట్టినవాఁ డెల్లప్పుడును మొదటి పుటనుండి తుదిపుటవఱకుఁ జదువఁడు. కథలపుస్తకము నట్లు చదువుదుము. చరిత్రము, భూగోళము, వ్యవసాయము, వైద్యము మున్నగు గ్రంథములను మాత్రము ఏదో యొక సంగతి తెలిసికొనఁగోరి తెఱచుచుందుము. నాలుగువందల పుటల గ్రంథమునందు మనకుఁ గావలసినవి నాలుగు పంక్తులే కావచ్చును. ఆ నాలుగు పంక్తులు ఏ పుటలో నున్నవో చెప్పునది అకారాది సూచిక. దీనిని పదసూచిక యనియు, అనుక్రమణిక యనియు, ఇంగ్లీషు వాడుకను బట్టి ఇండెక్సు అనియు వ్యవహరింతురు. సంస్కృతమున 'సూచి' యను పదమునకు సూది యనియు, పట్టిక యనియు నర్థములు గలవు. ఇండెక్సు అను లాటిను పదమునకుఁ జూపుడువ్రేలని యర్థము. రెంటి పనియు నొకటే; వలసినచోటును జూపుట.

ఇప్పుడు పుస్తకముల పుటలు కంప్యూటరుమీఁదఁ గూర్పఁబడుచున్నవి. మన పట్టణములందలి డి.టి.పి. కేంద్రములలో శుభలేఖలు మొదలుకొని గ్రామచరిత్రములవఱకు నన్నియు నిట్లే తయారగుచున్నవి. ఆ యంత్రముతో సూచికను గూర్చుట యెట్లో, అందుఁ దెలుఁగుభాషకుఁ బ్రత్యేకముగఁ గలుగు చిక్కులెవ్వియో, యంత్రమునకు విడువఁదగిన పని యేదో, మనుష్యుఁడే చేయవలసిన పని యేదో యీ పాఠమున వివరింపఁబడును.

౧. విషయసూచిక వేఱు, అకారాది సూచిక వేఱు

తెలుఁగు పుస్తకములలోఁ బెక్కింటికి మొదట విషయసూచిక యుండును. చివర అకారాది సూచిక యుండదు. మొదటిది యున్నదిగదా, రెండవది యెందుకని కొందఱు తలంతురు. విషయసూచిక గ్రంథకర్త యేర్పఱచిన వరుసను దెలుపును. ప్రథమాధ్యాయము, ద్వితీయాధ్యాయము అని ప్రకరణముల పేళ్లు మాత్రమే యందుండును. అకారాది సూచిక చదువరి యవసరమును బట్టి నడచును. వ్యవసాయగ్రంథమునందు 'నీటిపారుదల' యని యొక యధ్యాయము నలువది పుటలుండె ననుకొనుఁడు. మోటను గుఱించి తెలిసికొనఁగోరు రైతునకు ఆ నలువది పుటలును దిరుగవేయక తప్పదు. చివర 'మోట, 63' అని యొక పంక్తి యున్నచో నాతని పని క్షణములోఁ దీఱును.

౨. పూర్వాచారము

ఇది పాశ్చాత్యులనుండియే వచ్చిన వింతయని తలంపరాదు. ఋగ్వేదమునకుఁ గాత్యాయనుఁడు రచించిన సర్వానుక్రమణి యను గ్రంథము గలదు. ప్రతిసూక్తమునకును మొదటిపదములు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు అను నీ సంగతులు అందు వరుసగఁ జెప్పఁబడినవి. మన తెలుఁగు కావ్యములకును శతకములకును గూడఁ జివర పద్యముల అకారాది సూచికను జేర్చుట ముద్రాపకులలో నాచారమై యుండెను. పద్యము మొదటిమాట జ్ఞప్తియందున్న చాలును, పద్యము దొరకును.

పుటసంఖ్యలతోఁ గూడిన సూచిక మాత్రము అచ్చు వచ్చిన పిమ్మటనే నిలుకడఁ జెందెను. తాళపత్రప్రతులలో నొక ప్రతియందు ఇరువదవ యాకున నున్న పద్యము వేఱొక ప్రతియందు ముప్పదవ యాకున నుండవచ్చును. అందుచేఁ బూర్వులు సూక్తసంఖ్యను, పద్యసంఖ్యను జెప్పిరేగాని యాకుసంఖ్యను జెప్పలేదు. అచ్చుపుస్తకమునందో, వేయి ప్రతులును ఒక్కతీరుగ నుండును. ఐరోపాఖండమునఁ గూడ సూచికలకుఁ బ్రోత్సాహము గలిగించినది గ్రంథపఠనావసరమే. 13వ శతాబ్దియందుఁ బారిసు నగరమున సన్న్యాసులు లాటిను బైబిలునకుఁ బదసూచికను గూర్చిరి. 1737లో లండనునందు అలెగ్జాండరు క్రూడెను ఇంగ్లీషు బైబిలునకుఁ బదసూచికను బ్రకటించెను. ఒక మాట జ్ఞప్తియందున్నచో వాక్యమును గనుఁగొనుటకు అట్టి గ్రంథములు తోడ్పడును.

మన గ్రంథాలయశాస్త్రమునకు మూలపురుషుఁడైన యస్. ఆర్. రంగనాథను 1931లో బ్రకటించిన పంచసూత్రములలో నాలుగవది, చదువరి కాలమును వ్యర్థము కానీయరాదనునది. సూచికకుఁ బునాది యీ సూత్రమే.

౩. సూచిక లేకున్నఁ గలుగు నష్టము

కాలహరణ మొక్కటియే నష్టము కాదు. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరని యొకప్పుడు ఒకరు వ్రాసిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు కోపగించుకొని యూరకుండలేదు. ఊరూరనుండియుఁ గవుల వివరములను, పద్యములను దెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను బ్రకటించిరి. కవులు అంతకుముందును ఉండిరి. వారిపేళ్లు మాత్రము ఒక్కచోటఁ జేర్చి చూపఁబడలేదు. చూపఁబడని దానిని లేనిదానిఁగా నెంచుట లోకస్వభావము.

చిన్న గ్రామముల సంగతియు నిట్టిదే. ఒక జిల్లాచరిత్రమునందుఁ గోహెడను గూర్చి మూఁడుచోట్ల వ్రాయఁబడె ననుకొనుఁడు: చెఱువుల ప్రకరణమున నొకచోట, మండలముల పట్టికలో నొకచోట, వలసల ప్రకరణమున నొకచోట. విషయసూచికలోఁ గోహెడ పేరుండదు; ఒక యధ్యాయమునకుఁ దగినంత పెద్దయూరు కాదుగదా! అకారాది సూచికయు లేనిచోఁ గోహెడవాఁడు ఆ గ్రంథమును గ్రంథాలయమునఁ దెఱచి, అటునిటు త్రిప్పి, 'మా యూరి మాట యిందు లేదు' అని మూసివేయును. గ్రంథకర్త పడిన శ్రమయు, ఆ యూరివారు చెప్పిన సంగతులును మూఁతపడియే యుండును. పెద్ద నగరముల పేళ్లు సూచిక లేకున్నను గనఁబడును. చిన్నయూళ్లకును, సామాన్యులకును, చేతిపనివారికిని, వాగులకును, చెఱువులకును సూచికయే దారి.

౪. ఏ మాటలను గ్రహింపవలెను?

సూచికయందుఁ జేర్చు మాటను 'శీర్షిక' యందము. శీర్షికల నేర్పఱచుటయే యీ విద్యలో ముఖ్యభాగము. ఒక యుదాహరణమును జూతము.

'కరీంనగరము జిల్లాలోని కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై 10వ శతాబ్దినాఁటి శాసనము గలదు. దీనిని జెక్కించిన జినవల్లభుఁడు కన్నడకవి పంపనికిఁ దమ్ముఁడు. సంస్కృతము, కన్నడము, తెలుఁగు అను మూఁడుభాషలును ఇందుఁ గలవు. తెలుఁగున మూఁడు కందపద్యము లున్నవి.'

ఇందు 'జిల్లా', 'శతాబ్ది', 'భాషలు' అను మాటలు శీర్షికలు కావు. వానిని వెదకి యెవ్వఁడును ఈ పుటకు రాఁడు. కురిక్యాల, బొమ్మలగుట్ట, జినవల్లభుఁడు, పంపకవి యనునవి శీర్షికలు. 'కందపద్యము' అను శీర్షికక్రింద 'శాసనములందు' అని యుపశీర్షిక వ్రాయవలెను. 'శాసనములు' అను శీర్షికక్రింద 'కురిక్యాల' యని మఱల వ్రాయవలెను. ఊరిపేరు తెలిసినవాఁడు ఒక దారినివచ్చును, ఛందస్సును వెదకువాఁడు వేఱొక దారినివచ్చును, శాసనములను వెదకువాఁడు మూఁడవ దారినివచ్చును. ముగ్గురును ఒకేపుటకుఁ జేరవలెను.

ఇంక నియమములు:

మొదటిది. మాట ప్రథమావిభక్తియం దుండవలెను. పుటలో 'వేములవాడలో' అని యున్నను సూచికలో 'వేములవాడ' యనియే వ్రాయవలెను.

రెండవది. మాట కనఁబడిన ప్రతిచోటును గ్రహింపరాదు. 'కరీంనగరమునకుఁ బోవు బస్సు' అని కథనమధ్యమున వచ్చినంతమాత్రమునఁ గరీంనగరమును గూర్చి యందేమియుఁ జెప్పఁబడలేదు. ఆ పుటకుఁ బోయినవాఁడు ఏమైనను నేర్చుకొనునా యని ప్రశ్నించుకొనవలెను. నేర్చుకొనఁడేని విడువవలెను.

మూఁడవది. ఒక శీర్షికకు ఆఱేడు పుటసంఖ్యలకు మించివచ్చినచో నుపశీర్షికలుగా విభజింపవలెను. 'చెఱువులు, 12, 19, 27, 33, 48, 56, 71, 90' అని యున్నచోఁ జదువరి యెనిమిది పుటలు త్రిప్పవలసివచ్చును. 'చెఱువులు: కట్టల మరమ్మతు, 27, 48, చేఁపలు, 71, పూడిక, 33, 90' అని విభజించినచో సరాసరి తనపుటకే పోవును.

నాలుగవది. ఒకేపేరుగల రెండింటిని వేఱుపఱుపవలెను. సిద్దిపేట జిల్లాలో మన కోహెడ గలదు. హైదరాబాదు సమీపమున రంగారెడ్డి జిల్లాలో మఱియొక కోహెడ గలదు. కావున 'కోహెడ (రంగారెడ్డి జిల్లా)', 'కోహెడ (సిద్దిపేట జిల్లా)' అని వేర్వేఱుగ వ్రాయవలెను. లేనిచో నొక యూరి చెఱువు వేఱొక యూరికిఁ బోవును.

ఐదవది. ఒకదానికే రెండుపేళ్లున్నప్పుడు ఒకదానిని ముఖ్యముగ గ్రహించి, రెండవదానియొద్ద 'చూడుము' అని దారి చూపవలెను. 'సిద్దిపేట' యనియు 'సిద్ధిపేట' యనియు రెండువిధములుగ వ్రాయుచున్నారు. గ్రంథమంతట నొక్కటే గ్రహింపవలెను. 'ఎల్గందల్: ఎలగందుల చూడుము' అని వ్రాయవలెను. సంబంధించిన వేఱు శీర్షికకుఁ బంపవలసినప్పుడు 'ఇదియుఁ జూడుము' అని వ్రాయవలెను. కోహెడ 2016 అక్టోబరు 11వ తేదివఱకుఁ గరీంనగరము జిల్లాలో నుండెను. నాఁడు సిద్దిపేట జిల్లా యేర్పడఁగా నందుఁ జేరెను. సిద్దిపేట పట్టణమో యంతకుముందు మెదకు జిల్లాలోనిది. కావునఁ గోహెడను గూర్చిన పాతసంగతులు కరీంనగరము క్రిందను, క్రొత్తసంగతులు సిద్దిపేట క్రిందను ఉండును. సూచికకర్త యీ చరిత్రము నెఱుఁగవలెను. ఎఱిఁగి రెంటికిని దారి చూపవలెను.

ఆఱవది మనుష్యుల పేళ్లు. ఇంగ్లీషు పేళ్లలో వంశనామము చివరనుండును గనుక వారు దానిని ముందునకుఁ దెచ్చి వ్రాయుదురు. మన పేళ్లలో నింటిపేరు మొదటనే యుండును. సురవరము ప్రతాపరెడ్డి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు అని యున్నదున్నట్లు వ్రాసినఁ జాలును. సి.పి. బ్రౌనును మాత్రము 'బ్రౌను, సి.పి.' అని బకారమునందుఁ జేర్పవలెను. పొడియక్షరములతో వ్యవహరింపఁబడువారియెడల జాగరూకత వలయును. పూర్వపుఁ గరీంనగరము జిల్లాలోని వంగరయందుఁ బెరిగి, 1991 మొదలు 1996 వఱకు భారతప్రధానిగా నుండిన పి.వి. నరసింహారావుగారిని జాలమంది 'పి.వి.' యనియే యెఱుఁగుదురు. 'పాములపర్తి వేంకట నరసింహారావు' అని ముఖ్యశీర్షిక వ్రాసి, పకారమున 'పి.వి.' యొద్దను, నకారమున 'నరసింహారావు' నొద్దను 'చూడుము' అని వ్రాయుట మంచిది.

౫. యంత్రముతోఁ జేయు విధము

మునుపు సూచికకర్తలు ఒక్కొక్క శీర్షికకు నొక్కొక్క చీటి వ్రాసి, చీటీలను అకారాదిగఁ బేర్చి, మఱల శుభ్రప్రతి వ్రాసెడివారు. చివరగడియలో నొక బొమ్మ చేర్చి పుటలు జరిగినచో సంఖ్యలన్నియుఁ దప్పులగును. యంత్రము చేసిన గొప్ప మేలు ఈ బాధను దొలఁగించుటయే.

పుటల కూర్పునకై అమెరికాలో ఆల్డస్ సంస్థవారు 1985లో 'పేజ్‌మేకరు'ను వెలువరించిరి. 1994లో ఆల్డస్ అడోబి సంస్థలోఁ గలసెను. అడోబివారు 1999లో 'ఇన్‌డిజైను'ను వెలువరించిరి. పేజ్‌మేకరు తెలుఁగు అచ్చుపనిలోఁ జిరకాలము వాడఁబడినది. ఇన్‌డిజైనునందు సూచికను గూర్చు క్రమ మిది:

మొదట, గ్రంథమును జదివి శీర్షికల జాబితాను గాగితముమీఁద వ్రాసికొనవలెను. యంత్రము ముందుఁ గూర్చుండి యాలోచింపఁ బూనినచో సగము మఱచిపోవుదుము.

రెండవ మెట్టు: విండో యను మెనూలో 'టైప్ అండ్ టేబుల్స్' అనుదానియందు 'ఇండెక్స్' అను ఫలకమును దెఱవవలెను. అందు 'టాపిక్', 'రిఫరెన్స్' అని రెండు తీరులు గలవు. 'టాపిక్' తీరున ముందుగా శీర్షికలన్నిటిని జేర్చుకొన్నచో, ఒకేమాటను రెండువిధములుగ వ్రాయు దోషము కలుగదు.

మూఁడవ మెట్టు: 'రిఫరెన్స్' తీరునకు మాఱి, గ్రంథపాఠమున సంగతి యున్నచోటఁ గర్సరు నుంచి 'న్యూ పేజ్ రిఫరెన్స్' అను ఆజ్ఞ నీయవలెను. అప్పుడు తెఱచుకొను పెట్టెలో శీర్షికకు, ఉపశీర్షికలకు నాలుగు వరుసలుండును. సంగతి యొకపుటతో ముగియునో, కొన్ని పుటలు సాగునో కూడ నిచ్చటనే తెలుపవలెను. సమ్మతి తెలిపినంతనే పాఠమున నొక గుఱుతు నాటుకొనును. అది అచ్చులోఁ గనఁబడదు. పాఠము ముందునకో వెనుకకో జరిగినచో గుఱుతును దానితోడనే జరుగును. యంత్రవిద్యకు మూల మీ గుఱుతే.

నాలుగవ మెట్టు: 'చూడుము', 'ఇదియుఁ జూడుము' అను దారులను, ఆ పెట్టెలోనే పుటసంఖ్యకు మాఱుగఁ గోరుకొనవలెను.

ఐదవ మెట్టు: పనియంతయు ముగిసిన పిమ్మట 'జెనరేట్ ఇండెక్స్' అను ఆజ్ఞ నిచ్చి, చివరి ఖాళీపుటలో సూచికను బఱవవలెను. గ్రంథము పెక్కుఫైళ్లుగా నున్నచో వానినన్నిటిని ఒక పుస్తకముగఁ జేర్చి, అన్నిఁటికిఁ గలిపి యొకే సూచికను బుట్టింపవచ్చును.

ఇట్లు పుట్టిన సూచిక తనంతఁ దాను మాఱదు. తరువాత నొక్కపుట జరిగినను మఱల ఆజ్ఞ నిచ్చి, పాతసూచికకు బదులు క్రొత్తది వేయుమని కోరవలెను. సూచికకుఁ గొన్ని పుటలను ముందే విడిచిపెట్టుట మఱవరాదు. ఫారముల లెక్క ముగిసిన తరువాత ముద్రాపకుఁడు చోటు లేదనినచో మొదట బలియగునది సూచికయే.

ఇన్‌డిజైను వెలయిచ్చి కొనవలసినది. పాఠశాలలకు వెలలేక లభించు లిబ్రె ఆఫీసునందును ఈ సౌకర్యము గలదు. అందు 'ఇన్‌సర్ట్' మెనూలో 'ఇండెక్స్ ఎంట్రీ' చేత గుఱుతులు నాఁటి, పిమ్మట 'ఆల్ఫాబెటికల్ ఇండెక్స్'ను బుట్టింపవలెను. పద్ధతి యొకటియే, ఒకటి నేర్చినవాఁడు రెండవదానిని సులభముగ నేర్చును.

౬. తెలుఁగుభాషవలనఁ గలుగు చిక్కులు

ఇన్‌డిజైనున 'యాడ్ ఆల్' అని యొక మీట గలదు. ఒక మాటను జూపి దీనిని నొక్కినచో గ్రంథమంతట నామాట యున్న చోట్లన్నిటను గుఱుతులు నాటుకొనును. ఇంగ్లీషుగ్రంథమున నిది కొంతవఱకుఁ బనికివచ్చును. కాని యీ యంత్రము పూర్తిపదములనే గుర్తించును. మనభాషలో విభక్తులు పదమునకు అంటుకొనియుండును. 'కోహెడ' యని చూపినచోఁ 'గోహెడలో', 'కోహెడకు', 'కోహెడనుండి' యను రూపములు తప్పిపోవును. 'ఏరు' అని చూపినచో 'ఏటి యొడ్డు' దొరకదు. 'నూయి' యని చూపినచో 'నూతినీరు' దొరకదు. 'మోయతుమ్మెద వాగు' అని యొకమాఱు చెప్పి, తరువాత రెండుపుటలు 'ఈ వాగు', 'దీని నీరు' అని వ్రాసినచో నా రెండుపుటలును యంత్రమునకుఁ గనఁబడవు. ఇట్లు వలసినవి విడుచును. సందర్భవశమున వచ్చిన వలదన్నవానిని దెచ్చును. కావున గుఱుతులను జేతితో నాటుటయే తెలుఁగునకుఁ దగిన పద్ధతి.

రెండవ చిక్కు అక్షరక్రమము. చిరకాలము మన డి.టి.పి. కేంద్రములలో వాడఁబడిన తెలుఁగు ఫాంటులు యూనికోడు పద్ధతివి కావు. తెరమీఁద మనకుఁ దెలుఁగు అక్షరము కనఁబడును. యంత్రము లోపల మాత్రము ఏదో యొక రోమను అక్షరమో, గుఱుతో యుండును. గుడి, కొమ్ము, ఒత్తు వేర్వేఱు ముక్కలుగ నుండును. అట్టి పాఠమును అకారాదిగఁ బేర్చుమనినచో యంత్రము రోమను వరుసను బేర్చును. కకారము తరువాత ఖకారము వచ్చునన్న నమ్మక ముండదు. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పునుండియు మన యక్షరములకుఁ బ్రత్యేకసంఖ్యలు గలవు. కావున సూచిక వలయు గ్రంథమును మొదటినుండియు యూనికోడులోనే కూర్పించుట యుత్తమము.

యూనికోడున వరుస చాలవఱకు మన నిఘంటువుల వరుసనే పోలియుండును: మొదట క, పిదపఁ గా, కి, కీ, తరువాత గుణింతము ముగిసినపిమ్మట క్ర, క్ష మున్నగు సంయుక్తాక్షరములు. అయినను గొన్ని భేదములు గలవు. బడిలో మనము నేర్చిన వర్ణమాలయందు ళ, క్ష, ఱ యనునవి చివర నుండును. యూనికోడు సంఖ్యలలో ఱకారము రకారము వెంటనే వచ్చును. ళకారము లకారము వెంటనే వచ్చును. క్షకారము ప్రత్యేకాక్షరము కాదు. నిండుసున్నకు అచ్చులకన్న ముందుసంఖ్య గలదు గనుక 'అంగడి' యనునది 'అగసాలె' కన్న ముందు వచ్చును. అరసున్నకును సంఖ్య గలదు. ఒకచోటఁ 'దెలుఁగు' అనియు, ఒకచోటఁ 'దెలుగు' అనియు వ్రాసినచో యంత్రము వానిని రెండుమాటలుగ నెంచును. కంటికిఁ గనఁబడని విభజకములును గలవు. పొల్లుతో ముగియు మాటలయందు అవి యొకచోట నుండి, ఒకచోట లేకున్నచో, అచ్చులో నొకటిగానే కనఁబడు మాట సూచికలో రెండుమాఱులు వచ్చును.

దీనికిఁ బరిష్కారము గలదు. శీర్షికను వ్రాయు పెట్టెలోనే, దాని ప్రక్కను 'సార్ట్ బై' యని యొక గడి యుండును. అందు వ్రాసినదానిని బట్టి యంత్రము వరుస నేర్పఱచును. అచ్చువేయునది మాత్రము శీర్షికనే. ఈ గడి పేజ్‌మేకరునందును ఉండెను. అకారమునకు 'ఏఏ', ఆకారమునకు 'ఏబీ', ఇకారమునకు 'ఏసీ' యని ప్రతియక్షరమునకు రెండేసి రోమను అక్షరముల సంకేతమును ముందే నిర్ణయించి, శీర్షికలోని మొదటి మూఁడునాలుగు అక్షరముల సంకేతములను ఆ గడిలో రోమను లిపిలో వ్రాసినచో, పాతఫాంటులతోఁ గూర్చిన గ్రంథమునకుఁ గూడ సరియైన తెలుఁగు వరుస లభించును. శ్రమ యధికమే, కాని గ్రంథమునకు నొక్కమాఱే పడవలసిన శ్రమ. ఏ వరుస ననుసరించితిమో సూచిక మొదట రెండు పంక్తులలోఁ దెలుపుట చదువరులకు మేలు.

౭. పరీక్ష

సూచిక ముగిసినపిమ్మట రెండువిధములఁ బరీక్షింపవలెను. సూచికనుండి పది శీర్షికలను దీసికొని, చెప్పిన పుటలయందు ఆ సంగతు లున్నవో లేవో చూడవలెను. పిదప గ్రంథమునుండి పదిపుటలను దీసికొని, ఆ పుటలలోని ముఖ్యసంగతులు సూచికలోఁ జేరినవో లేవో చూడవలెను. మొదటి పరీక్షయం దగపడు తప్పులు సాధారణముగ లెక్కతప్పులు. రెండవదాని యం దగపడునవి మన విచారణలోని లోపములు. మూఁడవ పరీక్ష యింకొకటి గలదు: గ్రంథమును జదువని మిత్రునకు సూచికను మాత్రమే యిచ్చి, తనయూరిని, తనవృత్తిని, తనకిష్టమైన యొక సంగతిని వెదకుమని చెప్పవలెను. అతఁ డేమాటను మొదట వెదకునో దానిని గుఱుతుంచుకొనవలెను. అతఁడు 'బావి' యని వెదకి, సూచికలో 'నూయి' యని మాత్రమే యున్నచోఁ దప్పు అతనిది కాదు. 'బావి: నూయి చూడుము' అని చేర్పవలెను.

ఇట్టి పనిని గొప్పవిద్యగ నెంచియే ఇంగ్లండునందు 1957లో సూచికకర్తలు తమకొక సంఘమును స్థాపించుకొనిరి. మనదేశమునను శ్రద్ధగల సూచికకర్తలు పెక్కుమంది కావలయును.

౮. అభ్యాసము

విద్యార్థులారా! ఈ విద్య చదివినంతమాత్రమున రాదు; చేసినఁ గాని రాదు. ఈ క్రింది పనులను జేయుఁడు.

(1) మీ సాంఘికశాస్త్రపుస్తకమున నొక పాఠమును దీసికొని, పదునైదు శీర్షికలకు మించకుండ సూచికను జీటీలమీఁద వ్రాయుఁడు. ఇద్దఱు మిత్రులు వేర్వేఱుగఁ జేసి, పిదపఁ బోల్చి చూచుకొనుఁడు. భేదించినచోట నెవరిది మేలో, ఎందుకో వాదించుకొనుఁడు.

(2) ఈ శీర్షికలను అకారాదిగఁ బేర్చుఁడు: శనిగరము చెఱువు, క్షేత్రములు, కోహెడ, అంగళ్లు, ఱంపము, అగసాలెవారు, హుస్నాబాదు, రాచిప్ప, మోయతుమ్మెద వాగు, కంసాలివారు. సున్నను, ఱకారమును, క్షకారమును ఎక్కడ నుంచితిరో కారణముతో వ్రాయుఁడు.

(3) పాఠశాలయందుఁ గంప్యూటరున్నచో లిబ్రె ఆఫీసున రెండుపుటల వ్యాసమును యూనికోడులోఁ గూర్చి, ఎనిమిది గుఱుతులు నాఁటి, సూచికను బుట్టింపుఁడు. పిమ్మట మొదటిపుటలో నొక బొమ్మను జేర్చి, సూచికను మఱల బుట్టించి, సంఖ్యలు మాఱిన తీరును జూడుఁడు.

(4) పాఠశాల గ్రంథాలయమునఁ బాతపత్రికాసంచికలున్నచో వానికిఁ గలిపి యొక సూచికను గూర్చుఁడు. వ్రాసినవారి పేళ్లు, ఊళ్ల పేళ్లు, సంగతులు అని మూఁడుభాగములుగఁ జేయవచ్చును. తల్లిదండ్రులును, పూర్వవిద్యార్థులును తమ పేళ్లను, తమ తోడివారి పేళ్లను అందు వెదకుకొని మిక్కిలి సంతసింతురు.

పెద్దలకును ఒక విన్నపము. ఇప్పుడు మన ప్రాంతమున గ్రామచరిత్రములు, కులవృత్తుల చరిత్రములు, దేవాలయముల స్థలపురాణములు, వంశవృక్షములు వ్రాయించువారు గలరు. వ్రాయించుటకును అచ్చువేయించుటకును వ్యయము చేసి, సూచికకు నాలుగుపుటలు విడుచుటకు వెనుదీయకుఁడు. ఇంటియొద్ద కంప్యూటరు తెలిసిన బాలుఁడో బాలికయో యున్నచో ఆ పనిని వారికే యొప్పగింపుఁడు. యంత్రము పుటలను లెక్కించును, వరుసగఁ బేర్చును, జరిగిన సంఖ్యలను సరిదిద్దును. ఆ యూరివాఁడు ఏమాటను బట్టి వెదకునో మాత్రము ఆ యూరి మాట తెలిసిన పిల్లలకే తెలియును. వారు 'శనిగరము'ను విడువరు, కట్టమీఁద మట్టి మోసినవారిని విడువరు. రేపు ఆ గ్రంథమును దెఱచువాఁడు తనయూరి పేరును, తనతాత చేసిన పనిని జూచికొని, ఆ పుటకుఁ బోయి చదువును.